ఏడో ఫేడర్

నా గొంతు నేను కొన్ని వేలసార్లు విని ఉంటాను. మైదానంలోనైనా, కల్యాణ మండపంలోనైనా, సముద్రపు ఒడ్డునైనా, స్పీకర్లు పెట్టాక వాటిలోంచి ముందు వచ్చేది నా గొంతే. "హలో, చెక్, వన్, టూ." అందుకే నా గొంతు విని నేనే హడలిపోయే రోజు ఒకటి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఈ వేసవి మొదట్లో ఒక ఉదయం వచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాత కేసెట్ వింటున్నవాణ్ణి ఉన్నట్టుండి లేచి నిలబడ్డాను. వైరుతో పాటు కేసెట్ ప్లేయరు బల్ల అంచు దాకా జరిగి వచ్చింది. అది పడిపోకుండా రెండు చేతులతో పట్టుకుని, అలాగే చాలాసేపు నిలబడిపోయాను.

వరసగా చెబుతాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి ఈ ఊరు వచ్చాడు. నేను మాత్రం రేడియోలు బాగుచేసే కొట్లో మొదలుపెట్టి, ఒక సౌండ్ కంపెనీలో మిక్సర్ ముందు కూర్చునే పనికి చేరాను. ముప్పై అయిదేళ్లు ఆ కుర్చీలోనే గడిచాయి. ప్రతి కచేరీ అయిన మర్నాడు పొద్దున్నే డైరీ రాసేవాణ్ణి. ఏ చోటు, గాలి ఎటు నుంచి, ఎన్ని మైకులు, ఏ మైకు ఎవరిది, ఏం చెడింది, తప్పు ఎవరిది. ఈ చివరిదానికి పేజీకి కుడివైపు ప్రత్యేకంగా ఒక గడి గీసుకునేవాణ్ణి. ఒకసారి రాసింది చెరపకూడదు, కొట్టేయకూడదు. అది నాకు నేను పెట్టుకున్న నియమం.

మిక్సర్ ముందు నేనైతే, స్టేజీ పక్కన ఇంకొకాయన. మైకులు పెట్టడం, తీగలు మార్చడం, కళాకారుల పక్కన వంగి కూర్చుని వాళ్లకేం కావాలో చూడటం అతని పని. మాకు చుట్టరికం లేదు. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం, పూర్ణా మార్కెట్ వెనక వీధిలో పుట్టి పెరిగినవాడు. మొదటి రోజే "ఏటి బావా, కొత్తా?" అన్నాడు. అప్పట్నుంచి నాకు అతను బావ, అతనికి నేను బావ.

రిటైరయ్యాక నా దగ్గరున్న కేసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. మరిచిపోలేని కచేరీల గురించి ఒక చిన్న పుస్తకం రాయాలని కోరిక. ఒక కేసెట్ వినడం, ఆ రోజు డైరీ తెరిచి సరిచూసుకోవడం. డైరీ ఎక్కడా తప్పలేదు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

పోర్టు వైపు హాల్లో వీణ కచేరీ ఒకటి. రాగం మంచి పట్టు మీద ఉండగా, లోపలికొస్తున్న ఓడ ఒకటి పెద్దగా హారన్ కొట్టింది. ఆ వైణికుడు కళ్లు తెరవలేదు. హారన్ ఆగిన శ్రుతినే మంద్రంలో తీగ మీద అందుకుని, అదేదో తనే రమ్మన్నట్టు, అక్కణ్ణుంచి రాగాన్ని పైకి తీసుకెళ్లాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. స్టేజీ పక్కనుంచి నా హెడ్‌ఫోన్‌లో బావ అన్నాడు: "ఓడోడు శ్రుతిలోనే ఉన్నాడు బావా. నిన్నటి ఆర్మోనియమోడి కంటే నయం." డైరీలో హారన్ మోగిన నిమిషం రాసి ఉంది. కేసెట్‌లో సరిగ్గా అక్కడే మోగింది.

రుషికొండ దగ్గర ఇసుకలో సినిమా పాటల కచేరీ ఇంకొకటి. చీకటి పడేవేళ గాలి మళ్లి, మా చప్పుడంతా సముద్రం మీదికి ఎత్తుకుపోయింది. వెనక వరసల్లో వాళ్లు వినపడటం లేదని ఈలలు వేశారు. మర్నాడు పడవల వాళ్లు మాత్రం పాటలన్నీ వరసబెట్టి చెప్పారట. "జనాలకి ఇనపళ్లేదు గాని, సేపలకి బాగా ఇనపడ్డాది బావా" అని బావ కనిపించిన ప్రతివాడికీ చెప్పి నవ్వించాడు. ఆ రోజు కుడివైపు గడిలో 'గాలి' అని రాశాను.

ఇంకోసారి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. గాయకుడు ఒక్క క్షణం ఆగి, మైకు పక్కకి జరిపి, వట్టి గొంతుతో పాడటం మొదలుపెట్టాడు. వేల మంది ఊపిరి బిగబట్టారు. కేసెట్‌లో అక్కడ ఏమీ లేదు, కరెంటు లేదు గనక. ఆ కాసేపు ఏం జరిగిందో నా డైరీలోనే ఉంది. టేపు వదిలేసింది కూడా నా దగ్గరుందని, అది చూసినప్పుడు అనుకున్నాను.

ఆ తర్వాత చేతికొచ్చింది అట్టకి ప్లాస్టరు అంటించి ఉన్న కేసెట్. అది నేను ఎప్పుడూ వినలేదు.

ముప్పై ఏళ్ల కిందటి మాట. ఉక్కు నగరం టౌన్‌షిప్‌లో ఆరుబయట సభ. పాడేది వయసు మళ్లిన ఒక గాయని. ఆమె కచేరీలు అప్పటికే బాగా తగ్గించుకున్నారు. మా ఊరికి మళ్లీ రావడం ఉండదని అందరికీ తెలుసు. సాయంత్రం ఇద్దరు మనుషులు చెరో చేయీ పట్టుకుని స్టేజీ ఎక్కించారు. కూర్చున్నాక మాత్రం గొంతులో ఆ వయసు లేదు.

ఇక్కడ మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. మిక్సర్ మీద ఒక్కో మైకుకి ఒక్కో చానెల్, దానికి పైకీ కిందకీ జరిపే ఫేడర్ ఉంటుంది. పాడేవారి మైకు నేనెప్పుడూ ఏడో చానెల్‌లోనే పెట్టేవాణ్ణి. స్వరాలు ఏడు గనక మొదట సరదాగా పెట్టుకున్నది, తర్వాత వదల్లేని అలవాటైంది. చూడకుండానే నా చెయ్యి ఏడు మీదికి వెళ్లేది. ఇక రెండోది: తెరిచి ఉన్న మైకు తీగ ఎవరూ లాగకూడదు. లాగితే స్పీకర్లలో తుపాకి పేలినట్టు చప్పుడొస్తుంది. ముందు నేను ఫేడర్ కిందికి దించాలి, 'దించాను' అని చెప్పాలి, అప్పుడు బావ లాగాలి. మిక్సర్ మీద బటన్ నొక్కి నేను మాట్లాడితే బావ హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది, అతను మాట్లాడితే నా హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది, జనానికి వినపడదు.

ఆ మధ్యాహ్నం ఏడో చానెల్ గరగరమంది. గాయనిని ఎనిమిదికి మార్చాం. ఫేడర్ల కింద అంటించే తెల్ల టేపు మీద నేనే పెన్నుతో ఆమె పేరు ఎనిమిది దగ్గర రాశాను.

కచేరీ సగంలో ఆమె మైకు తీగ చిటపటమనడం మొదలైంది. వయొలిన్ ఒంటరిగా వాయిస్తున్న సమయం చూసి బావ తీగ మార్చడానికి వంగుకుంటూ వెళ్లాడు. లాగాడు. ఫేడర్ తెరిచే ఉంది. ఆమె చెవి పక్కనే పెట్టిన చిన్న స్పీకర్లోంచి ఆ పేలుడు వచ్చింది. ఆమె రెండు చెవులూ మూసుకుని పక్కకి ఒరిగిపోయారు. బావ హెడ్‌ఫోన్ లాగి పారేసి ఆమె దగ్గరికి పరిగెత్తాడు. కాసేపటికి ఆమె తేరుకున్నారు గానీ శ్రుతి వినపడటం లేదన్నారు. జనానికి దణ్ణం పెట్టి లేచిపోయారు. మా ఊళ్లో ఆమె మళ్లీ పాడలేదు.

మర్నాడు కంపెనీ యజమాని ఇద్దర్నీ నిలబెట్టి అడిగాడు. బావ చెప్పాడు: "దించినావా అని అడిగినాను బాబూ. దించాను తియ్యి అన్నాడు. తీసినాను." నేను అనలేదన్నాను. అబద్ధం ఆడుతున్నానని నాకు తెలియదు. ఆ పొద్దున రాసిన డైరీ సంచిలోనే ఉంది, తీసి చూపించాను. 'నేను చెప్పకముందే తీగ లాగాడు.' కుడివైపు గడిలో బావ పేరు. యజమాని ఆ పేజీ రెండుసార్లు చదివి, "రాసి పెట్టుకున్న మనిషి మాట కాదని నీ మాట ఎలా నమ్మమంటావ్?" అన్నాడు బావతో. అదే రోజు బావని పనిలోంచి తీసేశారు. ముసలావిడ చెవి పోగొట్టినవాడని ఊళ్లో మాట పాకింది, ఇంకే కంపెనీ తీసుకోలేదు. పరవాడ వైపు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనులు చేసుకుంటూ బతికాడు. వాళ్ల చర్చిలో కూడా కొన్నేళ్లు మైకు ముట్టనివ్వలేదట.

మా మధ్య మాటలు లేవు. నా భార్య పోయినప్పుడు తనే వచ్చాడు. పక్కన కూర్చుని అన్నాడు: "ఆ గొడవలో సెప్పింది నువ్వు మర్సిపోయినావు బావా, నాకు తెల్సు. మర్సిపోయినోడి మీద కోపమేటి?" ఆ ఒక్క మాట మీదే మళ్లీ కలిశాం. ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాడు. నెలకో రెణ్ణెల్లకో వెళ్తుంటాను. నిజానికి అతను అన్న మాట కూడా నేను నమ్మలేదు. తప్పు తనదే అయినా నన్ను క్షమించే పెద్దమనసు చూపిస్తున్నాడని లోపల అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

ప్లాస్టరు పీకి కేసెట్ పెట్టాను. గాయని గొంతు, ఆ తర్వాత వయొలిన్. ఉన్నట్టుండి ఆ వయొలిన్ మీద, నా చెవిలో, స్పష్టంగా నేను.

"దించాను బావా. తియ్యి."

వెంటనే పేలుడు.

ఆ మధ్యాహ్నం తీగలు మార్చిన హడావుడిలో బావతో మాట్లాడే నా మైకు కూడా రికార్డింగ్‌లో కలిసిపోయిందన్నమాట. నేను లేచి నిలబడింది అప్పుడే. కానీ ఇంకా అయిపోలేదు. పేలుడు వెనకే గాయని "అమ్మా" అన్నారు. జనం గోల. ఆ గోలలో మళ్లీ నేను, లోగొంతుకతో, నాలో నేను అనుకుంటున్నట్టు:

"అయ్యో... ఏడు దించాను. ఎనిమిది. ఎనిమిది."

తర్వాత బటన్ వదిలిన టిక్కుమనే చప్పుడు.

అంటే నాకు తెలుసు. చెప్పి మరిచిపోవడం కాదు. చేసిన రెండు క్షణాల్లోనే ఏం చేశానో నాకు తెలుసు. ఆ గొంతు నాదే, ఆ అంకెలు నావే. ఆ సాయంత్రానికీ మర్నాడు పొద్దున్న డైరీ తెరవడానికీ మధ్య అది ఎక్కడికి పోయిందో ఎంత వెతికినా దొరకలేదు. నాకు గుర్తున్నది నేను రాసుకున్నదే. వెనక్కి వెళ్లి ఆ సాయంత్రాన్ని చూడబోతే నా చేతిరాతే కనిపిస్తోంది.

రెండు రోజులు ప్లేయరు ముట్టలేదు. మూడో రోజు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పని చేశాను. పేలుడు వరకు ఉంచి, ఆ తర్వాతది కోసేశాను. పనితనంలో లోపం లేకుండా చివర కాస్త సన్నగిల్లేలా కూడా చేశాను. బావకి కావలసింది మొదటి ముక్కే కదా, తను నిర్దోషి అని తేలుతుంది కదా, రెండో ముక్క విని అతనికి మిగిలేది బాధే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కోసింది ఒకటి, కొయ్యనిది ఒకటి, రెండూ ఫోన్‌లో ఎక్కించుకుని, ఆ ఏడాది డైరీ సంచిలో పెట్టుకుని గాజువాక బస్సెక్కాను.

బావ వరండాలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "ఏటి బావా, ఫోనైనా సెయ్యకుండా ఊడిపడ్డావు? మొహమేటి అలగున్నాది?" అన్నాడు. ఏమీ చెప్పకుండా కోసిన ముక్క వినిపించాను.

అతను మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. భార్యని కేకేశాడు. ఆమె టీ గ్లాసులతో వచ్చి, నిలబడే విని, గ్లాసులు కింద పెట్టేసింది.

"ఆ గొంతు మీదేనా అన్నియ్యా?"

"నాదేనమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "సూసినావా, నాను అప్పుడే సెప్పినాను. ఇన్నాళ్లకి ఎతికి తెచ్చినావు బావా. ఇంకోడైతే ఆ కేసెట్ గెడ్డ నీళ్లలో పారేసీవోడు." ఆమె అంది: "మా అత్త పోయేటప్పుడు కూడా ఈయన్ని అడిగింది అన్నియ్యా, నిజం సెప్పరా, నువ్వే తీసీసినావా అని."

నేను తల దించుకుని టీ అందుకున్నాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

బావ ఫోన్ తన చేతిలోకి తీసుకుని చెవికి ఆనించుకుని మూడోసారి విన్నాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఇది కోసినావేటి?"

నేను టీ ఒక గుక్క తాగాను.

"దెబ్బ తర్వాత ఏటీ లేదేటి బావా? వయిలిన్ మైకు తెరిసే ఉన్నాది. మృదంగానిది తెరిసే ఉన్నాది. జనం గోలేదీ? ఆమె అమ్మా అన్నాది, నాను పక్కనే ఉన్నాను, ఇన్నాను. అదేదీ?"

ముప్పై ఏళ్లు కచేరీలకి దూరంగా ఉన్న మనిషి. ఆ చెవి గురించి నేను ఆలోచించనేలేదు. నా కోత జనానికి తెలియకపోవచ్చు. పక్కన కూర్చుని పనిచేసినవాడి దగ్గర దాస్తానని ఎలా అనుకున్నానో. టీ గ్లాసు కింద పెట్టి రెండో ఫైలు వేశాను.

ఈసారి మళ్లీ పెట్టమనలేదు. వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"అయితే నువ్వు మర్సిపోలేదు."

"తర్వాత మరిచిపోయాను బావా. డైరీలో రాశాక అదే జరిగిందనుకున్నాను. ఒట్టు."

"రాసిందెవుడు మరి?"

అతని గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేది.

"ఆ పుస్తకం తెచ్చినావా?" అన్నాడు. సంచిలోంచి డైరీ తీసిచ్చాను. పేజీ వెతికి, వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. కుడివైపు గడిలో తన పేరు దగ్గర వేలు ఆగింది. "నా పేరు ఎంత బాగా రాసినావు బావా. ముత్యాల్లాగున్నాయి." పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. "రాయి. నా ఎదర రాయి."

చెరపకూడదన్నది నా నియమం గనక, పాత వాక్యం కింద ఉన్న ఖాళీలో రాశాను. 'పొరపాటున ఎనిమిదికి బదులు ఏడో ఫేడర్ దించి, తీగ తియ్యమని చెప్పినది నేను.'

"పొరపాటు సరే. తర్వాతది రాయి."

'ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలుసు.' ఈ వాక్యానికి చాలాసేపు పట్టింది. అక్షరాలు వంకరపోయాయి. గడిలో అతని పేరు పక్కన 'నేను' అని రాశాను. అతను పుస్తకం తీసుకుని భార్య చేతికిచ్చి, "లోపల ఎట్టు" అన్నాడు.

"బావా, అన్నీ వరసగా పెట్టుకున్నాను. అదొక్కటీ లేకపోతే వరస..."

"సెడిపోతే సెడిపోనీ. ఆ రోజు నువ్వు సూపించినావు కదా అందరికీ. నాను సూపించొద్దా? మా పాస్టరు గారికి సూపించాల, మా తమ్ముడికి సూపించాల. సచ్చిపోయినోళ్లకి ఎలాగూ సూపించలేను." స్టూలు మీంచి లేచాడు. "ఎల్లు బావా, ఇయ్యాల్టికి ఎల్లు."

ఆమె నేను సగం తాగిన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. వాళ్లింట్లో నన్ను భోజనానికి ఉండమనకపోవడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి మిగతా డైరీలు దించాను. అన్ని ఏళ్లవీ, ఒక్కో పేజీ, కుడివైపు గడి ఒక్కటే చూసుకుంటూ వెళ్లాను. మూడు రోజులు పట్టింది. గాలి ఉంది. జనరేటర్ ఉంది. వాన, సభవాళ్లు, ఆలస్యంగా వచ్చిన మృదంగం, బల్లి దూరిన ఆంప్లిఫయర్. చాలాచోట్ల బావ. 'నేను' అన్న మాట ఒక్క గడిలోనూ లేదు. మిగతా ముప్పై నాలుగేళ్లలో ఒక్కచోటా లేదు. ఓడ హారన్ మోగిన నిమిషం సరిగ్గా రాసిన చెయ్యే ఇదంతా రాసింది.

రెండు నెలలు బావ నుంచి ఫోన్ లేదు. నేను రెండుసార్లు చేశాను, తియ్యలేదు. కచేరీల పుస్తకం రాయడం ఆపేశాను.

పోయిన ఆదివారం, వాళ్ల చర్చి వదిలే వేళకి, ఫోన్ మోగింది. బాగున్నావా అని లేదు, ఏమీ లేదు.

"ఆ ఓడ అరిసిన వీణ కచేరీ ఉన్నాది కదా, ఆ కేసెట్ ఉన్నాదేటి నీకాడ?"

"ఉంది బావా."

"నాను ఇంటాను. పట్రా." కాసేపు వెనకాల ఎవరివో మాటలు, కుర్చీలు మడతపెడుతున్న చప్పుడు. "బావా."

"చెప్పు."

"కొయ్యకుండా తే."